ధవళేశ్వరంలో కాఫీ

మొన్నామధ్య ఒక కుర్ర లెక్చరరు మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ కాలేజీకి తనిఖీ బృందం వస్తోందట. "మీరు పెద్దవారు, ఇలాంటివి చాలా చూసుంటారు. ఏం ఏర్పాట్లు చేస్తే బాగుంటుందండీ?" అని అడిగాడు.

"ఏమీ చెయ్యకండి. కాఫీ కూడా ఇవ్వకండి" అన్నాను.

వేళాకోళం అనుకుని గట్టిగా నవ్వాడు. నేను ఆ మాట అంటూనే మా ఆవిడ తెచ్చిన కాఫీ గ్లాసు అందుకుని అతని చేతిలో పెట్టాను. అతను వద్దంటే, "అదేంటండీ, మా ఇంటికొచ్చి ఊరికే వెళ్తారా" అని కోప్పడ్డాను కూడా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆ పిల్లాడికి చెప్పకుండా మింగేసిన సంగతి ఇప్పుడు మీకు చెబుతున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన వాళ్ళు ఎవరైనా చదువుతుంటే, కాఫీ పక్కన పెట్టి చదవండి.

ఎనభైల మొదట్లో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. డిపార్టుమెంటులో అందరికంటే చిన్నవాణ్ణి, పైగా టెంపరరీని. వేసవి సెలవులు వచ్చాయంటే మళ్ళీ తీసుకుంటారో లేదో తెలియని ఉద్యోగం. అలాంటి రోజుల్లో మా కాలేజీకి ఇంగ్లీషు ఎమ్మే వచ్చింది. అప్పటిదాకా మా వైపు పిల్లలు ఇంగ్లీషు ఎమ్మే చదవాలంటే పెట్టే బేడా సర్దుకుని, రైలెక్కి, విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి వెళ్ళి హాస్టల్లో ఉండాలి. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళేవారు. వెళ్ళలేనివాళ్ళు బీఏతో సరిపెట్టుకుని ఏ బళ్ళోనో చేరిపోయేవారు.

విశ్వవిద్యాలయం వాళ్ళు ముందు ఒక్క ఏడాదికే అనుమతి ఇచ్చారు. ఆ ఏడాది చివర్లో కమిటీ వచ్చి, తరగతులు ఎలా జరుగుతున్నాయో కళ్ళతో చూసి, సంతృప్తి పడితే రెండో ఏడాదికి ఇస్తారు. లేకపోతే కోర్సు అక్కడితో ఆగిపోతుంది. మొదటి ఏడాది పూర్తిచేసినవాళ్ళు కావాలంటే విశ్వవిద్యాలయానికే వెళ్ళి రెండో ఏడాది చదువుకోవచ్చు.

మా తరగతి గది కెమిస్ట్రీ ల్యాబు వెనకాల ఉండేది. ఒకప్పుడు సామాన్ల కొట్టు. ఆసిడ్ వాసన గోడల్లోంచి పోలేదు. పెద్ద పెద్ద కవుల విషాదాలన్నీ ఆ వాసనలోనే చెప్పుకున్నాం. మా హెడ్డుగారు పంచె మీద కోటు వేసుకునే మనిషి. నోట్సు చెప్పి రాయించడమంటే ఆయనకి ఒళ్ళు మంట. "ఎమ్మే అంటే ఎవడికి వాడు చదువుకోవడం కాదయ్యా. చదివినదాన్ని నలుగురి ముందు పెట్టి, నిలబడుతుందో లేదో చూసుకోవడం" అనేవారు. అందుకని ప్రతి శనివారం సెమినారు పెట్టారు. ఒకరు పేపరు చదవాలి, మిగతావాళ్ళు ప్రశ్నలు వెయ్యాలి. సెమినారు మొదలవగానే ఆయనే లేచి తలుపు గడియ వేసేవారు. ఒకసారి ప్రిన్సిపాల్ గారు వచ్చి తలుపు తట్టినా తియ్యలేదు. మాకు గుండెలు జారిపోయాయిగాని, ప్రిన్సిపాల్ గారు మంచివారు, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ తరగతిలో ధవళేశ్వరం నుంచి వచ్చే ఒకావిడ ఉండేది. పాతికేళ్ళు దాటని మనిషే. అప్పటికే పెళ్ళై, ఏడాది నిండని పాప ఉంది. వాళ్ళ నాన్నగారు మిషన్ బడిలో పంతులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవారట. ఆయనకి జలుబు చేసినప్పుడల్లా చిన్నప్పటి నుంచి ఈవిడే నిలబడి చదివేదట. ఆ గొంతు అలా తయారైంది. భర్త ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. చేరే రోజున ఆయన కూడా వచ్చాడు. పాపని భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, కనిపించిన ప్రతివాడికీ నమస్కారం పెట్టాడు.

"బస్సెక్కితే అరగంటండి. పొద్దున్న వచ్చి సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. పాపని మా అమ్మ చూసుకుంటుందండి. ఇంకెక్కడున్నా చదివించలేను గాని, రాజమండ్రిలో అయితే చదివిస్తానండి" అన్నాడు నాతో. ఆయన మాటని బట్టే చూడండి, ఆ కోర్సు రాజమండ్రిలో ఉంటే ఆవిడ చదువు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

కమిటీ మాఘమాసంలో వస్తుందని కబురు వచ్చింది. వాళ్ళ ముందు పేపరు ఎవరు చదవాలన్న చర్చ వస్తే హెడ్డుగారు ఆవిడ పేరే చెప్పారు. ఆవిడ ఎంచుకున్నది విలాప గీతాల గురించి. ఇంగ్లీషు కవి తన మిత్రుడు పోయాడని రాసే పద్యాలున్నాయే, అవి. ఆ పేపరు సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే ఏం పోయిందో మీకు తెలీదు.

ఆవిడ చెప్పింది ఇది. మా వీధిలో మనిషి పోతే ఏడుపు ఒక్కరిది కాదు. పోగొట్టుకున్న మనిషి శోకం ఎత్తుకుంటుంది. పోయినవాడి మంచీ చెడ్డా చెప్పుకుంటూ ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి ఊపిరి అందని చోట పక్కనున్న ఆవిడ ఆ మాట అందుకుంటుంది. ఈవిడ తేరుకునేదాకా ఆవిడ నడుపుతుంది. ఇంగ్లీషు కవికి పక్కన ఎవరూ లేరు. ఏడ్చేదీ అతనే, అందుకునేదీ అతనే. అందుకే ఆ పద్యాలు నడుమ ఎక్కడో ఒకచోట హఠాత్తుగా ఆగి, గొంతు మార్చుకుంటాయి. విమర్శకులు దాన్ని అతుకు అన్నారు, లోపం అన్నారు. అది లోపం కాదు, ఊపిరి అందని చోటు. అక్కడి నుంచి కవి తనకి తానే పక్కింటావిడ అవుతాడు.

ఆవిడ మొదటిసారి మాకు చదివి వినిపించినప్పుడు హెడ్డుగారు కోటు జేబులో చెయ్యి పెట్టుకుని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భార్య పోయి అప్పటికి రెండేళ్ళు.

"ఇలా మన వీధి సంగతులు పెట్టొచ్చా సార్? తీసెయ్యమంటే తీసేస్తాను" అంది ఆవిడ.

"ఒక్క అక్షరం తీస్తే ఊరుకోను" అన్నారాయన. తర్వాత నాతో స్టాఫ్ రూములో, "నేను ముప్పై ఏళ్ళుగా చెబుతున్న పాఠమయ్యా. ఇవాళ తెలిసింది నాకు" అన్నారు. ఆ పేపరు కమిటీ చెవిన పడితే చాలు, రెండో ఏడాది ఎక్కడికీ పోదని మాకు ధైర్యం వచ్చింది.

అసలు కథ ఏర్పాట్ల దగ్గర మొదలైంది. మా కరస్పాండెంటు గారికి మెయిన్ రోడ్డులో బట్టల కొట్లు ఉండేవి. చదువుకోలేకపోయానన్న బాధతోనే కాలేజీ పెట్టిన మనిషి. పేద పిల్లలకి తన ఇంట్లోనే భోజనాలు పెట్టించేవారు. ఆయన్ని ఏమన్నా అంటే కళ్ళు పోతాయి. కాని ఆయనకి తెలిసిన విద్య ఒక్కటే, వచ్చినవాళ్ళని సంతోషపెట్టి పంపడం. "మాష్టారూ, చదువు సంగతి మీరు చూసుకోండి. మర్యాద సంగతి నాకొదిలెయ్యండి. లోటు రానిస్తానా?" అన్నారు. రానివ్వలేదు.

హెడ్డుగారికి మాత్రం ఏదో అనుమానం తగిలింది. ముందురోజు నన్ను పిలిచి, "నువ్వు వాళ్ళ వెంటే ఉండు. లైబ్రరీ చూపించారా, లేదా, నాకక్కర్లేదు. పదకొండు గంటలకి వాళ్ళని ఆ గదిలో కూర్చోబెట్టు. నీ పని అదొక్కటే" అన్నారు. ఎంత చిన్న పనో చూడండి.

పొద్దున్న రైలుకి ముగ్గురు దిగారు. ఛైర్మన్ గారు ఇంగ్లీషు ప్రొఫెసరు. సన్నగా, మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. మిగతా ఇద్దరిలో ఒకాయన భోజనప్రియుడు, ఇంకొకాయన ఆయన మాట కాదనలేని మనిషి. స్టేషను నుంచి కార్లు తిన్నగా కరస్పాండెంటు గారింటికి వెళ్ళాయి. పెసరట్టు ఉప్మాతో మొదలై, నేతి గారెల మీదుగా, కోవా దాకా నడిచింది ఆ ఫలహారం. ఛైర్మన్ గారు సగం పెసరట్టు తిని చెయ్యి కడుక్కోబోతే కరస్పాండెంటు గారు స్వయంగా చెయ్యి పట్టుకుని ఆపారు.

"పిల్లలు ఎదురుచూస్తుంటారేమోనండీ" అన్నారు ఛైర్మన్ గారు.

"ఉంటారండి, ఎక్కడికి పోతారు? మన పిల్లలేగా!"

తెమిలేసరికి పది దాటింది. కార్లు ఎక్కాక నేను డ్రైవరుతో "కాలేజీకి పోనియ్" అన్నాను. వెనక సీట్లోంచి కరస్పాండెంటు గారు, "ముందు ధవళేశ్వరం పోనియ్యరా. గోదారి దాకా వచ్చి బ్యారేజీ చూడకపోతే ఎలాగండీ? పావుగంట పని" అన్నారు. కొత్త బ్యారేజీ అప్పుడే తయారైన రోజులు. మా ఊళ్ళో పెళ్ళికొడుకుని చూపించినట్టు చుట్టాలందర్నీ తీసుకెళ్ళి దాన్ని చూపించేవారు.

"సార్, పదకొండుకి సెమినారుందండి" అన్నాను.

"తెలుసు మాష్టారూ, నేనున్నాగా" అన్నారు. ఆయన ఉన్నారనే నా భయం.

ధవళేశ్వరంలో ఇరిగేషన్ బంగళా ముందు కొబ్బరిబొండాలు కొట్టించి ఒకాయన సిద్ధంగా నిలబడి ఉన్నాడు. చూస్తే ఆవిడ భర్త. పెద్దవాళ్ళకి బ్యారేజీ చూపించే పని ఆ పూట ఆయనకి అప్పగించారు. తలుపులు ఎలా ఎత్తుతారో, ఏ కాలవ ఎటు పోతుందో ఎంతో ముచ్చటగా చెప్పాడు. మాఘమాసపు ఎండ హాయిగా ఉంది, గాలి బాగుంది. ఛైర్మన్ గారికి కూడా నచ్చింది. అంతా అయ్యాక ఆవిడ భర్త నన్ను పక్కకి లాగాడు.

"మాష్టారూ, మావిడ కమిటీ వీళ్ళేనాండి?"

"వీళ్ళేనండి. అక్కడ ఆవిడ పేపరు పట్టుకుని కూర్చుని ఉంటారు. తొందరగా పంపించెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"తొందరగానేనండి. మా ఇల్లు ఆ మలుపులోనే. ఒక్క అయిదు నిమిషాలు. కాఫీ పెట్టమని మా అమ్మకి చెప్పే వచ్చాను."

"ఇప్పుడు కాఫీ ఏంటండీ! ఆలస్యమైపోతుంది."

"అలా అనకండి మాష్టారూ. మావిడ కోసం వచ్చినవాళ్ళు మా వీధిమీంచి పోతూ మా గుమ్మం తొక్కకపోతే రేపు దాని మొహం ఎలా చూడనండి? అయినా వీళ్ళు వెళ్ళకుండా అక్కడ మొదలెట్టరు గదా?"

నిజమే, వీళ్ళు వెళ్ళకుండా మొదలెట్టరు. ఆయన చేతులు కట్టుకుని ఛైర్మన్ గారి ముందు నిలబడ్డాడు. కాదంటే ఏడ్చేట్టున్నాడు. ఛైర్మన్ గారు కాదనలేదు.

రెండు గదుల క్వార్టరు. ముగ్గురికీ ఎక్కడెక్కడి నుంచో కుర్చీలు తెచ్చి వేశారు. ఇరుగుపొరుగువాళ్ళ గ్లాసులన్నీ తోమి వరసగా పెట్టారు. వాళ్ళమ్మగారు పాపని చంకన వేసుకునే కాఫీ కలిపింది. జంతికలు వచ్చాయి, కాజాలు వచ్చాయి. కమిటీ వచ్చిందని తెలిసి పక్కింటివాళ్ళు ఒక పళ్ళెం, ఎదురింటివాళ్ళు ఒక పళ్ళెం పంపించారు. "అన్నీ ముట్టుకోకపోతే వాళ్ళు నొచ్చుకుంటారండి" అని ఆయన బతిమాలాడు. గోడమీద ఆవిడ బీఏ పట్టా పుచ్చుకున్నప్పటి ఫొటో ఉంది, నల్ల గౌనుతో. దాన్ని దించి, తుడిచి, ఛైర్మన్ గారి చేతికి ఇచ్చి, "మావిడండి. రాత్రీ పగలూ చదువుతుందండి. పాపకి పాలిస్తూ కూడా చదువుతుందండి" అన్నాడు. ఛైర్మన్ గారు ఆ ఫొటో చాలాసేపు చూశారు.

ఇక్కడ మీలో ఎవరికైనా నామీద కోపం వస్తుంటుంది. ఒక్క మాట గట్టిగా అని లేవదియ్యొచ్చు కదా అని. ఒకరి ఇంట్లో కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఆ ఇంటి తల్లి ఎదురుగా నిలబడి చూస్తుండగా, "చాలు, లేవండి" అనడం మా వైపు పుట్టినవాడికి నేర్పలేదు. నేను గడియారం చూసుకున్నాను, దగ్గాను, గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. భోజనప్రియుడు గారు రెండో కాజా అందుకున్నారు.

అక్కడి నుంచి కదిలేసరికి పన్నెండు దాటేసింది. దారిలో కరస్పాండెంటు గారు, "ఇంటి దగ్గర విస్తళ్ళు వేసేసి ఉంటారండి. భోంచేసి తిన్నగా కాలేజీకే" అన్నారు. ఛైర్మన్ గారు ఈసారి కాస్త స్థిరంగానే, "ముందు తరగతి చూద్దామండి" అన్నారు. కరస్పాండెంటు గారి మొహం చిన్నబోయింది. "వేళకి విస్తరి ముందు కూర్చోకపోతే ఇంట్లో ఆడవాళ్ళు బాధపడతారండి. పొద్దున్నించీ మడితో వండుతున్నారు" అన్నారు. ఛైర్మన్ గారు సరేనన్నారు.

పనసపొట్టు కూర, గుత్తి వంకాయ, ముక్కల పులుసు, బొబ్బట్లు. ఇంకా ఏవో. నేను ఏదీ రుచి చూసిన గుర్తు లేదు. నడుమ లేచి చెయ్యి కడుక్కుని, ఆఫీసు గదిలో ఉన్న ఫోను తిప్పాను. ప్రిన్సిపాల్ ఆఫీసులో హెడ్డుగారే ఎత్తారు.

"ఏవయ్యా, ఎక్కడ?"

"భోజనాల దగ్గరండి."

"ఎంతవరకు వచ్చింది?"

"పులుసు దాకా వచ్చిందండి."

ఆయన ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

భోజనాలయ్యాక పడక కుర్చీలు వేశారు. కాస్త నడుం వాల్చకుండా పంపడం కూడా మర్యాద కాదు గదా. ఇద్దరు సభ్యులు నిద్రపోయారు. ఛైర్మన్ గారు కుర్చీలో నిటారుగా కూర్చునే కునికిపాట్లు పడ్డారు. రాత్రి రైల్లో నిద్ర లేదు పాపం.

కాలేజీకి వెళ్ళేసరికి నాలుగు కావస్తోంది. వాళ్ళ రైలు అయిదు గంటలకి. పల్లెటూళ్ళ పిల్లలు ఆఖరి బస్సులు పోతాయని అప్పటికే వెళ్ళిపోయారు. గదిలో ఆవిడా, ఇంకో ఇద్దరూ ఉన్నారు. బెంచీలు గుండ్రంగా సర్ది ఉన్నాయి. బల్లమీద మా ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి పరిచి ఉంది. హెడ్డుగారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. తలుపు గడియ వెయ్యడానికి వెళ్ళబోయి, గుమ్మంలో కరస్పాండెంటు గారు ఉండడం చూసి ఆగిపోయారు.

ఛైర్మన్ గారు గడియారం చూసుకుని, "చదవండమ్మా, ఎంతవరకు కుదిరితే అంతవరకు" అన్నారు.

ఆవిడ పొద్దున్న పదిన్నర నుంచి ఆ గదిలోనే ఉంది. మధ్యాహ్నం ఏమీ తినలేదని తర్వాత తెలిసింది. అయినా గొంతు ఎత్తగానే ఛైర్మన్ గారు నిటారుగా కూర్చున్నారు. మొదటి పేజీ అయ్యేసరికి ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో పది నిమిషాలు, అంతే చాలు అనుకున్నాను. ఆవిడ రెండో పేజీలోకి వెళ్ళింది. వీధిలో శోకం ఎత్తుకున్న మనిషి గురించి చెబుతోంది. ఆ మనిషికి ఊపిరి అందని చోటు దాకా వచ్చింది.

అప్పుడు గుమ్మంలో కలకలం. కడియం నుంచి తెప్పించిన గులాబీ అంట్లు, ముగ్గురికీ తలా రెండు కుండీలు, మనుషులు మోసుకొచ్చారు. కరస్పాండెంటు గారు చేతులు జోడించి, "రైలుకి వేళైపోతోందండి. ఇవి జాగ్రత్తగా పెట్టించాలి, మొక్కలు నలిగిపోతాయి" అన్నారు.

ఆవిడ ఆగింది. ఎవరూ ఆ మాట అందుకోలేదు.

సభ్యులు లేచారు. ఛైర్మన్ గారు కూడా లేచి ఆవిడ దగ్గరికి వచ్చి, "ఇది పూర్తిగా వినాలని ఉందమ్మా. మీదే ఊరు?" అని అడిగారు. "ధవళేశ్వరం సార్" అంది. ఆయన మొహం విప్పారింది. "అయితే ఫొటోలో ఉన్నది మీరేనన్నమాట! మీ ఇంట్లో చాలాసేపు కూర్చున్నాం ఇవాళ. మీవారు ఎంత మంచివారండీ. కాఫీ చాలా బాగుంది" అన్నారు.

ఆయన ప్రేమగానే అన్నారు. ఆవిడ కాగితాలు మెల్లిగా మడిచి, "థాంక్యూ సార్" అంది. ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క తెలిసిపోయిన మొహం.

వాళ్ళని రైలెక్కించి మళ్ళీ కాలేజీకి వచ్చాను. ఆవిడ మెట్లమీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"సార్, మా ఇంట్లో ఎంతసేపు ఉన్నారో మావారికి చెప్పకండి."

"ఆయన అక్కడే ఉన్నారు గదమ్మా?"

"ఆయనకి అయిదు నిమిషాలే సార్ అది. అలాగే ఉండనివ్వండి."

ఇంతలో ఆయన సైకిలు తొక్కుకుంటూ చెమటలతో వచ్చాడు. దిగీ దిగకుండానే, "ఎలా చదివింది మాష్టారూ?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "బాగా విన్నారండి. పూర్తిగా వినాలని ఉందన్నారు" అంది. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. కంట్లో నలక పడిందని పక్కకి తిరిగాను.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. ఛైర్మన్ గారు నిజాయితీపరుడు, చూసింది రాశారు. ఆతిథ్యానికి కృతజ్ఞతలు, తరగతి నడిచే తీరు చూసే అవకాశం కమిటీకి కలగలేదు, కనుక రెండో ఏడాదికి సిఫార్సు చెయ్యలేకపోతున్నాం. కరస్పాండెంటు గారు ఆ కాగితం నాచేత మూడుసార్లు చదివించుకుని, "మనవల్ల ఏం లోటు జరిగిందండీ?" అన్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆయనతో ఎవరనగలరు? హెడ్డుగారు కూడా అనలేదు. ఆయన ఆ ఏడాది చివర రాజీనామా ఇచ్చి సొంతూరు వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఆ గది తలుపు గడియ ఒకసారి వేసి, తీసి, వెళ్ళారు.

మిగతా పిల్లలు ఒకరిద్దరు తప్ప అందరూ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎమ్మే పూర్తిచేశారు. ఈవిడ వెళ్ళలేదు, వెళ్ళే వీలు లేదని ముందే తెలుసు. ప్రైవేటుగా ఫీజు కట్టి పరీక్షలు రాయమని నేను వాళ్ళ ఊరు వెళ్ళి చెప్పాను. "పుస్తకాలు నేనూ చదువుకోగలను సార్. పక్కన అందుకునేవాళ్ళు కావాలి గదా" అంది. ఆ తర్వాత బీఈడీ చేసి హైస్కూల్లో చేరింది. నాకు కూడా గవర్నమెంటు కాలేజీలో ఉద్యోగం వచ్చి వేరే ఊళ్ళు తిరిగాను. ఎన్నో ఎమ్మే క్లాసులు చెప్పాను. విలాప గీతాల పాఠం వచ్చినప్పుడల్లా ఆ వీధి శోకం సంగతి చెప్పేవాణ్ణి, ఒక విద్యార్థిని చెప్పిందని చెప్పే చెప్పేవాణ్ణి. కాని రెండో పేజీ తర్వాత ఆవిడ ఏ మాటలతో రాసిందో నాకు గుర్తు లేదు. సారాంశం ఉంది, ఆ మాటలు లేవు.

రిటైరయ్యాక ఒకసారి ధవళేశ్వరం వెళ్ళాను, తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి. బ్యారేజీ దగ్గర బస్సు కోసం నిలబడితే ఎవరో వెనకనుంచి, "మాష్టారూ!" అన్నారు. ఆయనే. జుట్టంతా నెరిసింది, నవ్వు అలాగే ఉంది. "మా వీధిలోకి వచ్చి మా గుమ్మం తొక్కకుండా వెళ్తారా?" అని చెయ్యి పట్టుకున్నాడు. వెళ్ళాను.

సొంత ఇల్లు కట్టుకున్నారు. కూతురు నర్సు, ఏలూరులో ఉద్యోగమట. ఆవిడ కూడా ఆ ఏడాదే రిటైరైంది. గోడమీద అదే ఫొటో, నల్ల గౌనుతో. దాని పక్కన ఇంకో ఫొటో లేదు. ఆవిడ నన్ను చూసి ఎంతో సంతోషపడింది. కాఫీ కలపడానికి లేవబోతుంటే నేను, "ముందు ఆ పేపరు చదవండమ్మా. కాఫీ తర్వాత. ఇవాళ నాకు ఏ బస్సు తొందరా లేదు" అన్నాను. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అది. ఎలా వచ్చిందో వచ్చేసింది.

ఆవిడ సమాధానం చెప్పేలోపే ఆయన అందుకున్నాడు. "ఏ పేపరండీ, ఆ కమిటీ రోజుదా? ఆ రోజు మర్చిపోగలనా మాష్టారూ! అంతటి ప్రొఫెసరు గారు మా క్వార్టర్లో కూర్చుని కాఫీ తాగారు. ఎంత మెచ్చుకున్నారో. ఈవిడ పేపరు కూడా అంతే మెచ్చుకున్నారుట. ఆ యూనివర్సిటీ రాజకీయాల వల్ల కోర్సు పోయింది గాని, మనవైపు నుంచి ఏ లోటూ చెయ్యలేదండి. ఏమే, అంతేనా?"

ఆయన మొహంలో ఆనాటి వెలుగు అలాగే ఉంది. ముప్పై ఏళ్ళు ఆవిడ దాన్ని ఆర్పకుండా కాపాడుకొచ్చింది. నేను ఆవిడ వైపు చూశాను.

"అంతేనండి" అంది ఆవిడ. లోపలికి వెళ్ళి కాఫీ, పళ్ళెంలో కాజాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆయన చూడకుండా నాకు తల అడ్డంగా ఊపింది, ఆ సంగతి ఎత్తొద్దన్నట్టు.

"తీసుకోండి సార్, చల్లారిపోతుంది" అంది.

తీసుకున్నాను.